నాన్న కుడికాలు

మా నాన్న కుడికాలికి సొంత బుద్ధి ఉంది. మిగతా మనిషంతా ఒక ఎత్తు, ఆ కాలొక్కటీ ఒక ఎత్తు.

నాన్న జనానికి కారు నడపడం నేర్పేవాడు. మా ఇంటి ముందుగదే డ్రైవింగు స్కూలు. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి రోడ్డు గుర్తుల పటం. గేటు బయట నెత్తిన బోర్డు మోస్తూ ఒక తెల్ల కారు. నడిపేవాళ్ళ కాళ్ళ దగ్గరుండే బ్రేకు కాక, పక్కసీటు ముందు నాన్న కోసం అందులో ఇంకో బ్రేకు ఉండేది. నేర్చుకునే మనిషి కంగారులో మరిచిపోతే నాన్న తొక్కేవాడు, కారు ఆగేది, ఎవరి పరువూ పోయేది కాదు.

ఊళ్ళో ఆయన్ని శాంతం మాస్టారు అనేవాళ్ళు. నేర్చుకునే రోజుల్లో ఒక బ్యాంకు మేనేజరు కారుని తీసుకెళ్ళి చెత్తకుండీకి గుద్దాడట. నాన్న ఆ రెండో బ్రేకు జోలికే పోకుండా కూర్చుని, "ఫర్వాలేదండీ, కొంచెం గుద్దాలి. గుద్దకుండా ఎవరూ నేర్చుకోరు. ఇప్పుడు నెమ్మదిగా వెనక్కి రండి" అన్నాడట. ఆ మేనేజరు ఈ సంగతి మా గుమ్మంలో నిలబడి మెచ్చుకోలుగా చెప్తుంటే మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆ శాంతం మాస్టారెవరో మాకు తెలియదు మరి. ఆయన చెప్పులతో పాటు గుమ్మం బయటే ఆగిపోయేవాడు. లోపలికి వచ్చేది కుడికాలు.

తమ్ముడు గ్లాసులో నీళ్ళు వంపుకుంటుంటే కుర్చీలో కూర్చున్న నాన్న కాలు టప్పున నేలని తొక్కేది. నేను స్టవ్వు వెలిగిస్తే టప్పు. నాయనమ్మ మేడ దిగుతుంటే మెట్టుకొక టప్పు. దాంతోపాటు "చూసుకో", "ఆగు", "మెల్లిగా" అన్న మూడు మాటలూ వంతులవారీగా వచ్చేవి. కుర్చీ ముందు గచ్చు ఒకచోట అరిగి నున్నగా మెరిసేది. "ఇంకొన్నాళ్ళు తొక్కరా, అక్కడ నీళ్ళు పడతాయి" అనేది నాయనమ్మ.

ఇందులో అసలు తమాషా ఇంకోటుంది. తమ్ముడు పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని బాగానే నడిచొచ్చేవాడు. నాన్న కాలు చప్పుడుకి ఉలిక్కిపడి పడేసేవాడు. "చూశావా, నేను చెప్తూనే ఉన్నా!" అనేవాడు నాన్న. ఇంట్లో స్టీలు గ్లాసులు తప్ప ఇంకేవీ మిగల్లేదు.

ఆ ఇంట్లో, ఒక వేసవి సెలవుల మొదట్లో, అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు అమ్మ నెమ్మదిగా ఒక మాటంది.

"వ్యాను తాత మానేస్తున్నాడు."

అమ్మ ఒక చిన్నపిల్లల స్కూలు వ్యానులో ఆయా. బండి నడిపేది వ్యాను తాత. పిల్లల్ని ఎక్కించడం, దించడం, ముక్కులు తుడవడం, కిటికీ సీటు తగవులు తీర్చడం అమ్మ పని. ఏ పిల్లాడికి ఏ మలుపు దగ్గర కడుపులో తిప్పుతుందో అమ్మకి తెలుసు. ఆ పనంటే అమ్మకి ప్రాణం.

"ఎవరో ఒకరొస్తార్లే" అన్నాడు నాన్న.

"వచ్చేవాడు వాళ్ళావిణ్ణి ఆయాగా తెచ్చుకుంటాడట. నన్ను ఇంట్లో కూర్చోమన్నట్టే." అమ్మ కూర గిన్నె పక్కకి జరిపింది. "పెద్దటీచరు నన్నొక మాటడిగింది. నువ్వే నడపరాదా, పిల్లలందరూ నీకు తెలుసుగా అని. స్కూలు తెరిచేలోపు లైసెన్సు తెచ్చుకుంటే వ్యాను నీ చేతికే ఇస్తానంది. ఏమండీ, నాకు నేర్పండి."

టప్పు. ఈసారి నేలే కాదు, గిన్నె మీద మూత కూడా అదిరింది.

"నువ్వా? రోడ్డు మీదా?"

"కాదు, గోడ మీద" అంది నాయనమ్మ. "ఊరందరికీ నేర్పుతావు, పెళ్ళానికి నేర్పలేవట్రా? రేపట్నించి మొదలుపెట్టు."

నాయనమ్మ మాటకి మా ఇంట్లో అప్పీలు లేదు. నా నాలుక చివర కూడా అప్పుడొక మాట ఉంది. నాకు పై ఊళ్ళో పాలిటెక్నిక్కులో మెషీన్ల చదువు చదవాలని. అంటే హాస్టల్లో ఉండాలి, ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళాలి. మంచినీళ్ళు వంపుకోవడానికే టప్పుమనే కాలు దీనికి ఏం చేస్తుందో ఊహించుకుని, ఆ మాటని ముద్దతో పాటు మింగేశాను.

మర్నాడు పొద్దున్నే పాఠాలు మొదలయ్యాయి. వెనకసీట్లో నేనూ తమ్ముడూ నాయనమ్మా. మమ్మల్నెవరూ రమ్మనలేదు. అలాంటి వేడుక ఇంట్లో కూర్చుని వదులుకుంటామా! నాయనమ్మ మాత్రం కారు కదిలిన వెంటనే నిద్రపోయేది.

అమ్మ మొదట్లో గేర్లతో కాస్త అవస్థ పడింది గానీ తొందరగానే పట్టేసింది. ముఖ్యంగా బ్రేకు. అబ్బ, ఏం బ్రేకు! అడ్డంగా కుక్క వచ్చిందా, కారు మెత్తగా ఆగేది. సిగ్నలు దగ్గర గీత మీద టైరు పడకుండా ఆగేది. నాయనమ్మ తల ఒక్కసారి కూడా ముందుకి వాలలేదు.

"బ్రేకుని తొక్కకూడదే" అని వంటింట్లో నాకు పాఠం చెప్పేది అమ్మ. "ఊరికే కాలు మోపాలి. చెయ్యి తిరిగినవాళ్ళకి మోపితే చాలు, బండి దానంతటదే వింటుంది."

నాన్న కూడా ఆశ్చర్యపోయాడు. "మీ అమ్మకి పుట్టుకతో వచ్చిన విద్యలా ఉంది" అన్నాడు ఒకరోజు. ఆ మాటకి అమ్మ మొహం వెలిగిపోయింది. సంతోషంలో ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది, మేమెవరం నోరెత్తలేదు.

అలా వేసవి సగం గడిచాక, కారు నడపడం వచ్చేసింది కదా, వ్యాను మీద కూడా చెయ్యి అలవాటు చేసుకోమని వ్యాను తాత కబురు పెట్టాడు. స్కూలు ఆటస్థలం ఖాళీగా ఉంది. నాన్నకి ఆ పూట వేరే పాఠముంది. అమ్మతో నేనూ తమ్ముడూ వెళ్ళాం.

అమ్మ పసుపురంగు వ్యానెక్కి డ్రైవరు సీట్లో కూర్చుంది. పక్కన వ్యాను తాత. మేం జారుడుబల్ల మీద కూర్చుని చూస్తున్నాం. వ్యాను దర్జాగా ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో మంచినీళ్ళ పంపు వైపు వచ్చింది.

"ఇక్కడాపమ్మా" అన్నాడు తాత.

"ఆపుతున్నా" అంది అమ్మ.

వ్యాను వస్తూనే ఉంది.

"బ్రేకమ్మా! బ్రేకు!"

"వేశాను తాతా!"

"వేస్తే ఆగాలి కదమ్మా!"

పెద్ద వేగమేం లేదు. మనిషి నడిచినట్టే వచ్చి వ్యాను పంపుని పడగొట్టి నిలబడింది. నీళ్ళు మేడంత ఎత్తున లేచాయి. తమ్ముడు చొక్కా విప్పేసి ఆ నీళ్ళలోకి పరిగెత్తాడు. వ్యాను తాత కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మొహం కడుక్కుని, "పోన్లే, చల్లగా ఉంది" అన్నాడు. అమ్మ మాత్రం కదల్లేదు. తల వంచుకుని తన పాదాన్నే చూసుకుంటోంది.

పెద్దటీచరు గొడుగేసుకుని వచ్చింది. చాలా మర్యాదస్తురాలు. కోప్పడలేదు.

"పంపుదేముందమ్మా, రేపు బిగిస్తారు. నువ్వు పిల్లల్ని నవ్వించగలవు, ఏడుపు మాన్పగలవు, నాకు తెలుసు. కానీ నాకు ముందు ఆగే బండి కావాలి. స్కూలు తెరిచేదాకా చూస్తాను. ఆపైన నేనేం చెయ్యలేను."

ఇల్లు చేరాక అమ్మ మంచినీళ్ళు తాగి, తడి కొంగు పిండుకుని, నాన్న పాఠం ముగించి రాగానే "కారెక్కండి" అంది. నాతో చెవిలో, "నువ్వు వెనక కూర్చుని రోడ్డు చూడకు. మీ నాన్న కాలు చూడు" అంది.

చూశాను. మొదటి మలుపు దగ్గర అమ్మ బ్రేకు మీద కాలు మోపింది. పక్కన నాన్న కుడికాలు చడీచప్పుడూ లేకుండా ముందుకెళ్ళి రెండో బ్రేకుని నొక్కింది. కారు మెత్తగా ఆగింది. నాన్న మొహం మాత్రం ప్రశాంతంగా కిటికీలోంచి బయటికి చూస్తోంది. రెండో మలుపు దగ్గరా అంతే. కూరగాయల బండి దగ్గరా అంతే. స్పీడు బ్రేకరు దగ్గరైతే అమ్మ కంటే ముందే వెళ్ళింది.

"ఏమే?" అంది అమ్మ, కారు పక్కకి తీసి.

"ప్రతిసారీ నాన్నే తొక్కాడమ్మా."

"నేనా?" నాన్న నిజంగానే నివ్వెరపోయాడు. "నేనెక్కడ తొక్కాను? నా కాలు ఇక్కడే ఉంటేనూ!"

మేం అందరం వంగి చూశాం. కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. నాన్న కూడా వంగి చూసుకున్నాడు, ఎవరిదో కాలు అన్నట్టు.

"అంటే నేను ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా కారు ఆపలేదన్నమాట" అంది అమ్మ. నవ్వుతుందో ఏడుస్తుందో నాకు అర్థం కాలేదు. "పుట్టుకతో వచ్చిన విద్యా! ఊళ్ళోవాళ్ళ దగ్గర కాలు ముడుచుకుని కూర్చుంటారే, నా దగ్గరే ఎందుకండీ? గుద్దకుండా ఎవరూ నేర్చుకోరని చెప్పేది మీరేగా?"

నాన్న కాలు మెల్లిగా వెనక్కి లాక్కున్నాడు.

"బయటివాళ్ళ పక్కన కూర్చుంటే నాకు రోడ్డు కనిపిస్తుంది" అన్నాడు చివరికి. "మీ పక్కన కూర్చుంటే మీరే కనిపిస్తారు. నేనేం చెయ్యను?"

ఆ మాటకి అమ్మ కోపం సగం దిగింది. కుడికాలు మీద నాకున్న చిరాకంతా అప్పుడే పోయిందని చెప్పను గానీ, ఆ టప్పు చప్పుడుకి నేను అనుకున్న అర్థం ఒక్కటే కాదని తెలిసింది. అప్పటికి నిద్రలేచిన నాయనమ్మ సంగతంతా విని, "పెరటి చెట్టు మందుకి పనికిరాదంటే ఇదే" అని తేల్చేసింది.

ఆ సాయంత్రం నాన్న కాలు కాలిన పిల్లిలా వరండాలో అటూ ఇటూ తిరిగాడు. తిరిగి తిరిగి ఒక ఉపాయంతో వచ్చాడు. "బజారు చివర ఇంకో డ్రైవింగు స్కూలుంది కదా. అతన్ని అడుగుతాను. అక్కడ నేర్చుకో."

"శాంతం మాస్టారి పెళ్ళాం వేరే మాస్టారి దగ్గర నేర్చుకుందంటే మీ బోర్డు దించి కట్టెల్లో వేసుకోవాలి" అంది అమ్మ. "నాకు మీరే నేర్పాలి. ఆ కాలు సంగతి మీరే చూసుకోండి."

మొక్కై వంగనిది మానై వంగుతుందా అని నాయనమ్మ అనుమానపడుతూనే వైద్యం మొదలుపెట్టింది. మొదటి వైద్యం, కుడికాలికి చెప్పు లేకుండా కూర్చోబెట్టడం. ఉత్త కాలు ఇంకా చురుగ్గా వెళ్ళింది. రెండోది తమ్ముడి ఆలోచన. నాన్న కాళ్ళ మీద ఒక పెద్ద పుచ్చకాయ పెట్టి, రెండు చేతులతో పట్టుకోమన్నారు. కాలు కదిపితే కాయ పడుతుంది, కాయ పడుతుందని కాలు కదపడు. వినడానికి బాగానే ఉంది.

మొదటి సిగ్నలు దాకా కాయ క్షేమంగా వచ్చింది. అక్కడ ఒక సైకిలు అడ్డం రావడంతో కాలు దాని పని అది చేసుకుపోయింది. పుచ్చకాయ దొర్లి, తలుపుకి కొట్టుకుని, రెండు చెక్కలై నాన్న పాదాల మీద కూర్చుంది. కారు పక్కకాపి, చెట్టునీడలో నిలబడి దాన్ని అక్కడే తినేశాం. ఆ దారిన వెళ్తున్న బ్యాంకు మేనేజరు తన కారాపి, "ఇది కొత్త పాఠమా మాస్టారూ?" అని అడిగాడు. "పై తరగతి" అన్నాడు నాన్న, మూతి తుడుచుకుంటూ. చాలా రోజుల తర్వాత అమ్మ పడీపడీ నవ్వింది.

నవ్వాం గానీ, లోపల అందరికీ బెంగగానే ఉంది. పరీక్ష రోజు ఖాయమైంది. అప్పటికి అమ్మ తనంతట తాను కారు ఆపింది మా సందు చివర, ఖాళీ గోడ ముందు మాత్రమే. రోడ్డు మీద బ్రేకు అనుకునేసరికి తన కాలు భయపడుతోందనీ, తొక్కింది తనో నాన్నో తెలియడం లేదనీ నాతో చెప్పింది. "వ్యానులో పిల్లలుంటారే" అంది.

పరీక్షకి కొన్ని రోజుల ముందు ఒక ఉదయం యథాప్రకారం అందరం కారెక్కాం. నాన్న ఆఖర్న వచ్చి పక్కసీట్లో కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని వెనక్కి తమ్ముడికి ఇచ్చాడు. తర్వాత ఎడమకాలు పైకెత్తి సీటు మీద మడిచాడు. ఆపైన కుడికాలు చేతులతో పట్టుకుని ఎత్తి, ఎడమకాలి మీద వేసుకున్నాడు. పంక్తిలో భోజనానికి కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"పోనీ" అన్నాడు.

అమ్మ ఆయన కాళ్ళ వంక చూసింది, మొహం వంక చూసింది. కారు స్టార్టు చేసింది.

బజారు దాటాం. సిగ్నలు దగ్గర అమ్మ ఆపింది. కాస్త ఎక్కువ నొక్కింది, నాయనమ్మ తల సీటుకి తగిలి "ఊఁ" అంది. నాన్న రెండు చేతులతో రెండు మోకాళ్ళూ గట్టిగా పట్టుకున్నాడు, వేళ్ళు తెల్లబడ్డాయి. నాకు రోడ్డు చూడాలో ఆ వేళ్ళు చూడాలో తోచలేదు.

పాత గిడ్డంగి దగ్గర రోడ్డు పల్లంలోకి దిగుతుంది. మా కారు దిగుతుండగా పక్కసందులోంచి ఇద్దరు మనుషులు ఒక పెద్ద అద్దం పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేశారు. బట్టల దుకాణాల్లో ఉంటుందే, నిలువెత్తుది, అలాంటిది. ఇద్దరూ అద్దం వెనక ఉన్నారు. వాళ్ళకి మేం కనపడం. మాకు వాళ్ళ కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, ఆ పైన అద్దంలో మా తెల్ల కారు మా మీదికే వస్తోంది.

టప్పు అన్న చప్పుడు కోసం నా చెవులు ఎదురుచూశాయి. రాలేదు.

కారు ఆగింది. అద్దానికీ బంపరుకీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది.

అద్దంలో మేమందరం ఉన్నాం. స్టీరింగు పట్టుకుని, నోరు కొంచెం తెరిచి అమ్మ. వెనక కళ్ళు పెద్దవి చేసుకుని నేనూ తమ్ముడూ. నిద్రలో నాయనమ్మ. అమ్మ పక్కన, నుదుటి మీద చెమటతో, బాసింపట్టు వేసుకుని, కదలకుండా మెదలకుండా శాంతం మాస్టారు.

అద్దం పక్కనుంచి ఒక తల బయటికొచ్చింది. కారులోపల కాళ్ళు మడుచుకుని కూర్చున్న నాన్నని చూసి, "స్వామీ, క్షమించాలి" అని దండం పెట్టినంత పని చేసి, అద్దాన్ని అవతలికి నడిపించుకుపోయింది.

"నేనే ఆపాను" అంది అమ్మ, చాలా మెల్లిగా.

"నువ్వే" అన్నాడు నాన్న.

"ఇల్లొచ్చిందా?" అంది నాయనమ్మ.

పరీక్ష రోజున మేం మైదానం కంచె బయట నిలబడ్డాం. లోపల అమ్మ పక్కన కనుబొమ్మలు గుబురుగా ఉన్న ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. నాన్న నిలబడలేకపోయాడు. కంచె పక్కన పిట్టగోడ ఉంటే దాని మీదెక్కి కాళ్ళు మడుచుకున్నాడు. అమ్మ ఎనిమిది అంకె చుట్టింది, గట్టెక్కి దిగింది, వెనక్కి వచ్చింది. నేరుగా వస్తుండగా ఇన్‌స్పెక్టరు ఉన్నట్టుండి చేత్తో డాష్‌బోర్డు మీద కొట్టి "ఆపండి!" అన్నాడు. ముందుగా చెప్పకుండా అలా ఆపించడం పరీక్షలో భాగమట. కారు ఎంత చక్కగా ఆగిందంటే ఆయన టోపీ ఎగిరి ముందద్దం మీద పడింది.

ఆయన టోపీ దులుపుకుని దిగాడు. "ఎవరమ్మా మీకు నేర్పింది?"

"మా ఆయనేనండీ."

"మిగతావి ఎలా ఉన్నా, బ్రేకు మాత్రం బాగా నేర్పాడు."

"అదొక్కటే ఆయన నేర్పలేదండీ" అంది అమ్మ.

స్కూలు తెరిచిన రోజున పసుపు వ్యాను మా గేటు ముందునుంచి హారను కొట్టుకుంటూ వెళ్ళింది. డ్రైవరు సీట్లో అమ్మ. ఆయాగా వ్యాను తాత మనవరాలు చేరింది. లోపల పిల్లలు కిటికీలకి ముక్కులు నొక్కుకుని మాకు చేతులూపారు. నాన్న గుమ్మంలో కుర్చీ వేసుకుని, అందులో కాళ్ళు మడుచుకుని కూర్చుని చూశాడు. "ఆ మలుపు దగ్గర..." అని మొదలుపెట్టి, ఆపుకుని, "బాగా తిప్పింది" అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ మొదటిరోజు ముచ్చట్లు చెప్తోంది. ఎవరు ఏడ్చారు, ఎవరు తనని 'డ్రైవరు తాతా' అని పిలిచారు, ఇలాంటివి. అందరం సంతోషంగా ఉన్నాం. ఇంతకంటే మంచి పూట దొరకదనిపించింది.

"నాన్నా, నేను పాలిటెక్నిక్కులో చేరతాను. పై ఊళ్ళో. హాస్టల్లో ఉంటాను."

ఎవరూ నాన్న మొహం వంక చూడలేదు. అమ్మ, తమ్ముడు, నాయనమ్మ, నేను, అందరం ఒక్కసారే ఆయన కుడికాలి వంక చూశాం. అది నున్నగా అరిగిన గచ్చు మీద ఉంది. మడమ కొంచెం లేచింది. వేళ్ళు బిగుసుకున్నాయి.

నాన్న వంగి, ఆ కాలిని రెండు చేతులతో పట్టుకుని, ఎత్తి కుర్చీలో పెట్టుకున్నాడు. తర్వాత రెండోదీ.

"ఏ బస్సు?" అన్నాడు.

"పొద్దున ఒకటుంది నాన్నా."

"కిటికీ పక్కన కూర్చో. చెయ్యి బయటపెట్టకు."

"ఒరేయ్" అంది నాయనమ్మ.

"సరే, పెట్టుకో" అన్నాడు నాన్న. "కొంచెమే పెట్టుకో తల్లీ."

నేను నవ్వానో ఏడ్చానో నాకు గుర్తులేదు. తమ్ముడు మాత్రం పళ్ళెంలో అందరికీ టీ తెచ్చాడు. నిండు గ్లాసులు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

నేను వెళ్ళే రోజున అందరూ బస్టాండుకి వచ్చారు. అమ్మ వ్యానులోనే తీసుకొచ్చింది. నా పెట్టె పైకెక్కించారు. కిటికీ పక్కన సీటు దొరికింది. నాయనమ్మ జాగ్రత్తలన్నీ చెప్పింది, అందులో సగం ఒకదానికొకటి పొసగవు. తమ్ముడు నా గది తనకే కదా అని ఖాయం చేసుకున్నాడు. అమ్మ డ్రైవరు దగ్గరికి వెళ్ళి, బ్రేకులు బాగున్నాయా అని అడిగొచ్చింది. ఆయన ఈ పరామర్శకి కాస్త నొచ్చుకున్నట్టే కనిపించాడు.

బస్సు కదిలింది. నాన్న ఎక్కడా అని వెతికాను. ప్రయాణికులు కూర్చునే పొడవాటి బల్ల ఉంటుంది కదా, మూటలూ సంచులూ పెట్టుకుని జనం ఇరుక్కుని కూర్చున్నారు, వాళ్ళ మధ్య నాన్న చెప్పులు కింద వదిలేసి, బల్ల మీద బాసింపట్టు వేసుకుని, మోకాళ్ళు రెండూ పట్టుకుని నిటారుగా కూర్చునున్నాడు. పక్కనున్న ఒకావిడ కొంచెం జరగమన్నట్టుంది. ఆయనకి వినపడలేదు.

నేను కిటికీలోంచి చెయ్యి కొంచెం బయటపెట్టి ఊపాను. బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. నాన్న కాళ్ళు దించలేదు.